కంపెనీ బిస్కెట్టుకు బెల్లం కొసరు

మా అమ్మది తమిళనాడులో గుడియాత్తం బజారులో చిల్లరంగడి. ఫారిన్ సరుకు మన ఊర్లలోకి జొరబడతా ఉండిన కాలంలో, ఒక విదేశీ బిస్కెట్ల కంపెనీ అమ్మకి ఏజెన్సీ ఇస్తామని వచ్చింది. అంతవరకు బజారులో ఏజెన్సీలన్నీ మగోళ్లవే. ఇంక అమ్మ ప్రాణమంతా దాని మీదే. అయితే ఒక షరతు. ఇచ్చిన సరుకంతా దీపావళి లోపల అమ్ముడుపోవాల, లేకుంటే ఏజెన్సీ ఎదురంగడికి పోతాది.

సరుకు కదిలితే కదా! డబ్బాలోంచి విడిగా తీసిచ్చే బిస్కెట్లకైతే అమ్మ పైన ఒకటి కొసరు వేసేది. సీలు వేసిన పొట్లంలో కొసరు యాడ నుంచి వస్తాది? అగ్గిపెట్టెల ఫ్యాక్టరీ నుంచి ఇండ్లకు పోయే ఆడోళ్లు పొట్లాన్ని అటూ ఇటూ తిప్పి, "ఇదేం పిసినారి కంపెనీక్కా" అని పెట్టేసి పోతా ఉండిరి.

అమ్మ బెల్లం ముక్కలు కొట్టి, పొట్లానికొకటి కొసరియ్యడం మొదలుపెట్టింది. నేను ఒంటికాలి మీద లేచినా. అప్పుడు నేను వేలూరు కాలేజీలో వ్యాపారం చదవతా ఉంటి. పెద్ద కంపెనీలు దేశాలు దాటి ఎట్ల నెగ్గుకొస్తాయో చెప్పే సిద్ధాంతాలు మా పాఠాలు. లోకమంతా ఒకే సరుకు ఒకే తీరుగా అమ్మితేనే లాభమని ఒక పక్షం. ఏ ఊరికి ఆ ఊరి తీరుగా వంగాలని ఇంకో పక్షం. నేను మొదటి పక్షానికి వీరాభిమానిని.

"అమ్మా, లండన్లో బెల్లం ఇస్తారా? కంపెనీ పరువు తీస్తా ఉండావు!"

"లండనోళ్లు మన అంగడికొస్తే వాళ్లకీ ఇస్తాలేమ్మా. ఆ గోనెపట్టా ఇట్ల జరుపు."

దీపావళి ముందర కంపెనీ మనిషి మెడకు టై బిగించుకొని వచ్చినాడు. అరలన్నీ ఖాళీ. అయినా బెల్లం పళ్లెం చూసి మొగం చిట్లించి, "ఇదెల్లాం వేండాంమా, ఇవన్నీ వద్దు, అన్ని ఊర్లకీ ఒకే రూలు" అన్నాడు. అచ్చం నా మాటే! ఆయన నోట వింటే నాకు ఒళ్లు మండింది. అమ్మ మాత్రం ఒక ముక్క ఆయన చేతిలో పెట్టి, "తిను నాయనా, ఎండన పడి వచ్చినావు" అనింది. తిన్నాడు. ఖాళీ అరల పక్క ఇంకోసారి చూసినాడు. ఏజెన్సీ అమ్మకే ఇచ్చిపోయినాడు.

మరుసటేడు కొత్త పొట్లాలు దిగినాయి. 'రెండు బిస్కెట్లు అదనం' అని వాటి మీద పెద్దగా అచ్చేసినారు. నేను రాత్రికి రాత్రే రెండో పక్షానికి దూకేసినా. "చూడమ్మా, కంపెనీనే వంగింది! ఇంక నీకు బెల్లం కొట్టే పని తప్పింది" అని పళ్లెం ఎత్తి లోపల పెట్టేసినా.

అంతలో రోజూ వచ్చే ఒక అవ్వ పొట్లం తీసుకొని, చెయ్యి చాపి నిలబడింది.

"లోపల రెండు ఎక్కువుండాయవ్వా, కంపెనోళ్లే కొసరిచ్చినారు" అని తెలుగులో ఒకసారి, అరవంలో ఒకసారి చెప్పినా.

"అది వాళ్లిచ్చింది" అనింది అవ్వ. "మీ అమ్మ ఇచ్చేది యాడ?"

నేనే పోయి పళ్లెం తెచ్చినా.