రెండు అవతలలున్న వంతెన

మొన్నామధ్య మా మనవడు ఫోన్ తెచ్చి నా ముక్కు దగ్గర పెట్టాడు. మోండా మార్కెట్ పక్కన రైలు పట్టాల మీద కొత్తగా కట్టి రిబ్బన్ కత్తిరించిన కాలినడక వంతెనను, ఎగిరే కెమెరాతో తీసిన వీడియో అది. మూడు దిక్కుల నుంచి మూడు చేతులు వచ్చి మధ్యలో ఒక గుండ్రటి చోట కలుస్తుంటే, వెనక నుంచి ఒక గొంతు ఇది మూడు రేకుల పువ్వనీ, మన నగరానికే తలమానికమనీ రాగాలు తీస్తోంది. పైనుంచి చూస్తే పువ్వులాగే ఉంది, కాదనను. కాకపోతే సికింద్రాబాద్‌లో వంతెనల్ని పైనుంచి చూసేవి గద్దలూ పావురాలూ మాత్రమే, మనుషులకు వాటి మీద నడిచే పని ఉంటుంది. ఈ సంగతి కట్టినవాళ్ళ చెవిన ఎవరూ వేసినట్టు లేదు.

నేను పెదవి విరిచి ఫోన్ పక్కకు తోసేశాను గానీ, నా పక్కన కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్న మా అత్త చేతులు ఆగిపోయాయి. అత్తంటే అత్తగారు కాదు, మా నాన్న చెల్లెలు, మేనత్త. నిరుడు మావయ్య పోయినప్పటి నుంచి నా దగ్గరే ఉంటోంది. ఆ వీడియోను మళ్ళీ మళ్ళీ వేయించుకుని చూసి, నన్నొకసారి అక్కడికి తీసుకెళ్ళు అంది. మోకాళ్ళు పట్టేసి వీధి చివరి మందుల షాపుకు కూడా రాని మనిషి వంతెనెక్కుతానంటే నాకు నవ్వు రాలేదు. ఎందుకు రాలేదో తెలియాలంటే అదే చోట ఉండిన పాత వంతెన సంగతి చెప్పాలి. మన వయసు వాళ్ళలో కొందరికైనా అది గుర్తుండే ఉంటుంది, మిగతావాళ్ళు నా మాట నమ్మాలి.

దాన్ని మూడు కాళ్ళ బిర్జి అనేవారు. ఇనుప దూలాలు, చెక్క పలకలు, కింద రైలింజను పోతే పైన నడిచేవాళ్ళ పాదాలు జిల్లుమనేవి. ఒక కాలు మోండా మార్కెట్ వైపు, ఒకటి మారేడ్‌పల్లి వైపు, మూడోది మేమున్న రైల్వే క్వార్టర్ల వైపు దిగేవి. మూడూ కలిసే నడిమధ్యన రేకుల కప్పు వేసిన గుండ్రటి అరుగొకటి, దాని చుట్టూ కూర్చోవడానికి బల్లలూ ఉండేవి. మామూలు వంతెనకు రెండు కొసలుంటాయి కాబట్టి ఇవతలి వాళ్ళు అవతలి వాళ్ళను చూసి ముక్కు విరిస్తే సరిపోతుంది, మా వంతెనకు మూడు కొసలుండబట్టి ప్రతివాడికీ చిన్నచూపు చూడటానికి ఇద్దరేసి దొరికేవారు. మారేడ్‌పల్లి వాళ్ళకు మేమంటే బొగ్గు మసి, మోండా వాళ్ళంటే తక్కెడ. మోండా వాళ్ళు, మారేడ్‌పల్లిలో బంగళాల వెనక గదుల్లో అద్దెకుండేవాళ్ళు కూడా బంగళాలు తమవే అన్నట్టు బేరమాడతారని నవ్వేవారు. ఇక మా క్వార్టర్ల వాళ్ళ సంగతి చెప్పనే అక్కర్లేదు, నెల జీతం వచ్చేవాడు తప్ప తక్కినవాడు మనిషే కాదు.

ఈ విద్యలో అందరినీ మించినవాడు మా నాన్న. విజయనగరం వైపు నుంచి రైల్వే ఉద్యోగం మీద వచ్చి ఇక్కడ స్థిరపడినా, ఇక్కడి నీళ్ళు, ఇక్కడి వంకాయలు, ఇక్కడి భాష, ఏదీ ఆయన కంటికి ఆనేది కాదు. మా అత్తకు వచ్చిన సంబంధాలన్నీ ఆయన ఆ ముక్కుతోనే తిప్పి పంపాడు. ఒకడి నడక బాగాలేదు, ఒకడి తండ్రి గట్టిగా నవ్వుతాడు, ఒకళ్ళ ఇంట్లో కాఫీ ఇత్తడి గ్లాసుల్లో ఇచ్చారు. ఇలా వంకలు పెడుతూ పెడుతూ చెల్లెలికి ముప్ఫై దగ్గర పడ్డాక ఆయనకే కంగారు పుట్టి, కాకినాడలో భార్య పోయిన కాంట్రాక్టరొకడు దొరికితే అదే మహాప్రసాదమన్నాడు. ఇంత వయసొచ్చిన పిల్లకి ఇంతకన్నా ఏటి కావాల అన్నాడు, ఆ వయసు తెప్పించింది తనేనన్న సంగతి మరిచిపోయి. సోమవారం పొద్దున్న వాళ్ళకు మాట ఇచ్చేయడానికి నిశ్చయమైపోయింది. నాలోని ఈ ఎత్తిపొడుపు బుద్ధి ఆయన దగ్గర నుంచే వచ్చిందని మా అత్త ఇప్పటికీ అంటుంటుంది, నేను కాదనను.

అత్త అప్పుడు మోండా దగ్గరున్న ఒక వ్యాపార సంస్థ ఆఫీసులో టైపిస్టు. అక్కడే లెక్కల విభాగంలో పనిచేసే ఒకాయన, వరంగల్ వైపు మనిషి, మారేడ్‌పల్లిలో గది తీసుకుని ఉండేవాడు. ఆయన మాటలు పొదుపు. ఆ శనివారం మధ్యాహ్నం అత్త టైపు మిషన్ మీద గుడ్డ కప్పుతుంటే దగ్గరకొచ్చి, కిటికీ వైపు చూస్తూ ఇంతే అన్నాడట:

“రేపు సాయంత్రం బిర్జి అవతల ఉంటనండి. మీకిష్టమైతే రండి, లేకుంటే మళ్ల ఈ ముచ్చట తియ్య.”

ఇద్దరి బతుకులూ ఆ అవతల అన్న మాట మీద వేలాడాయి. క్వార్టర్లలో అవతల అంటే మోండాయే, ఉప్పూ పప్పూ గాజులూ రిబ్బన్లూ అన్నీ అక్కడి నుంచే వచ్చేవి. మారేడ్‌పల్లి వైపుకు మేము ఆ కొస అనేవాళ్ళం, అక్కడ మాకు పని లేదు కాబట్టి అంతకన్నా మంచి పేరు పెట్టలేదు. మోండా ఆఫీసులో కూర్చుని మాట్లాడేవాళ్ళకేమో అవతల అంటే మారేడ్‌పల్లి. ఇంత పెద్ద ఊళ్ళో ఒక్కరంటే ఒక్కరికి, మూడు కొసలున్న వంతెనకు ఉత్త అవతల అంటే కుదరదని తట్టలేదు. ఎవరి అవతలే వాళ్ళకు లోకమంతటికీ అవతల.

ఆదివారం సాయంత్రం కూరగాయలకని చెప్పి అత్త నన్ను తోడు తీసుకుని బయల్దేరింది. నాకప్పుడు ఇంటర్ మొదటి సంవత్సరం, అన్నీ అర్థమయ్యే వయసే. వంతెన దాటి మోండా వైపు మెట్లు దిగి, ఆ మెట్ల కింద నిలబడ్డాక గానీ విషయం చెప్పలేదు. ఆయన వస్తే ఈ రాత్రికే మీ నాన్నకి చెప్పేస్తాను, తర్వాత ఏమైనా సరే అంది. రాకపోతే ఏమిటని నేను అడగలేదు, కాకినాడే కదా. అత్త ఆకుపచ్చ అంచు చీర కట్టుకుంది, చేతిలో ఖాళీ సంచీ. కొత్తిమీర వాళ్ళు, నిమ్మకాయల వాళ్ళు పిలిచి పిలిచి విసిగిపోయి, ఈ ఇద్దరూ కొనే రకం కాదని మమ్మల్నీ ఒక చూపు చూశారు. అక్కడి నుంచి మారేడ్‌పల్లి కొస కనబడదు, మధ్యలో గూడ్స్ షెడ్డు కప్పు అడ్డం. మూడు కొసలూ కనబడేది నడిమి అరుగు మీద నుంచి మాత్రమే.

మా ముందు నుంచే, మేమంతా చాచీ అని పిలిచే పెద్దావిడ వెళ్ళింది. క్వార్టర్ల వెనక గల్లీలో ఉండే ఆవిడది మోండాలో గాజుల దుకాణం, రోజూ ఆ వేళకు దుకాణం కొడుక్కి అప్పగించి ఇంటికి పోతూ అరుగు మీద కాసేపు కాళ్ళు చాపుకుని కూర్చునేది. ఏం బిడ్డా గిట్ల నిలబడ్డవని అత్తను అడిగింది, ఊరికే అంది అత్త. చాచీ ఆ చీరను ఒకసారి, ఖాళీ సంచీని ఒకసారి చూసి మెట్లెక్కి వెళ్ళిపోయింది.

పొద్దు వాలింది. అత్త ముఖంలో ముందు ఆశ, తర్వాత అనుమానం, ఆ తర్వాత మా నాన్న కనిపించారు. అచ్చం ఆయనలాగే ముక్కు పైకి పెట్టి, మగాళ్ళ మాటలింతే, లెక్కలు రాసుకునేవాడికి గుండెక్కడుంటుంది, తప్పు నాదే అంది. ఒళ్ళు మండినప్పుడు మా ఇంటివాళ్ళకు ఏడుపు రాదు, తిట్లొస్తాయి. దీపాలు పెట్టే వేళకు ఎల్లిపోదాం పద అని నా చెయ్యి పట్టుకుని మెట్లెక్కింది. రేపు ఈపాటికి ఈవిడ కాకినాడ వాళ్ళ మనిషైపోతుంది.

అరుగు దగ్గరికి వచ్చేసరికి బల్ల మీద చాచీ, ఆవిడ పక్కన ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, ఒళ్ళో చాచీ గోంగూర సంచీ పెట్టుకుని ఆయన. అత్త చూసింది. చూసి కూడా చూడనట్టు క్వార్టర్ల వైపు తిరిగి నడిచింది.

“ఓ బిడ్డా, జెర ఆగు” అంది చాచీ. “నువ్వు అవతలనే నిలబడ్డవ్, గీయన సుత అవతలనే నిలబడ్డడు. గీ బిర్జికి రెండు అవతలలున్నయ్, యాది మర్చిన్రా ఇద్దరు?”

జరిగిందేమిటంటే, చాచీ అరుగు మీద నుంచి మారేడ్‌పల్లి వైపు చూస్తే ఆ మెట్ల కింద ఈయన నిలబడి, వచ్చే ప్రతి చీరనూ చూస్తున్నాడట. కీళ్ళ నొప్పులతోనే వంతెన ఆ కాలు పొడుగునా నడిచి వెళ్ళి, ఎవరి కోసమో అడిగి, ఇంక రాదులెమ్మని గదికి పోబోతున్న మనిషిని పట్టుకొచ్చి కూర్చోబెట్టింది. ఆయన మోండా వైపు పరిగెడతానంటే వద్దంది. పరేషాన్ గాకు, గీడ కూసో, ఆమె ఇంటికి పోవాలన్నా గీడికెల్లే పోవాలె అంది. ఆ వంతెన గొప్పతనమంతా ఆ ఒక్క మాటలో ఉంది. ఎవరు ఎటు నుంచి ఎటు పోయినా, ఎంత కోపంతో పోయినా, ఆ నడిమధ్య నుంచి పోవాల్సిందే.

అత్త ఆయనతో అన్న మొదటి మాట, అవతలంటే మోండా కాదా అని. అవతలంటే మారేడ్‌పల్లి గదండి, ఆఫీసుల అందరం గట్లనే అంటం అని ఆయన జవాబు. పెళ్ళి మాట ఎత్తాల్సిన చోట ఇద్దరూ అవతల ఎక్కడన్న దాని మీద వాదించుకున్నారు, చాచీ నా చేతికి నాలుగు రేగుపళ్ళిచ్చి కూర్చోమంది. ఆ వాదన పెళ్ళయ్యాక కూడా తెగలేదు. ఉప్పు డబ్బా అవతల ఉందంటే చాలు, ఏ అవతల అని రెండో గదిలోంచి వినబడేది.

నాన్న నానా రభసా చేశాడు. అవతలోడికి పిల్లనివ్వడమేమిటని కొన్నాళ్ళు అన్నం కూడా ముఖం అటు తిప్పుకునే తిన్నాడు. పెళ్ళికి మాత్రం వచ్చి, వంటల్లో ఉప్పు ఎక్కువైందని చెబుతూ అన్నీ రెండేసిసార్లు వడ్డించుకున్నాడు.

ఇక కొత్త వంతెన. పోయిన వారం అత్తను ఆటోలో మోండా వైపుకు తీసుకెళ్ళాను. లిఫ్టు పనిచేయడం లేదని బోర్డు, ఆ బోర్డు మాత్రం మెరిసిపోతోంది. మెట్ల దగ్గర ప్రారంభించినవారి పేర్లతో తలుపంత నల్లరాయి, అది చదివేలోపు ఒక రైలు వెళ్ళిపోతుంది. కర్ర ఊనుకుని, ఆగి ఆగి ఎక్కింది అత్త. పక్కలకు చూద్దామంటే నిలువెత్తు ప్రకటనల రేకులు, ఒక దాని మీద పళ్ళపొడి, ఒక దాని మీద అపార్ట్‌మెంట్లు. పట్టాలు కనబడవు, షెడ్డు కనబడదు, ఏ కొసా కనబడదు. నడిమధ్యకు చేరితే అక్కడ బల్ల లేదు. ఫోటోలు దిగడానికి ఊరి పేరు మనిషెత్తు అక్షరాలతో నిలబెట్టారు, ఒక పిల్ల ఒక అక్షరాన్ని కౌగిలించుకుని మూతి ముడుచుకుంటోంది. అన్నిటికన్నా ఘనకార్యం, తొక్కిసలాట కాకూడదని ఆ గుండ్రటి చోటును స్టీలు కంచెలతో దారులుగా చీల్చేశారు. ఏ దారిన వచ్చినవాళ్ళు ఆ దారినే ముందుకు పోవాలి, ఇంకో దారి వాళ్ళ ముఖం కూడా చూడనక్కర్లేదు. మూడు వంతెనలను ఒక చోటికి తెచ్చి, కలవకుండా కలిపారు. ఆ తెలివికి ఏ బిరుదు ఇచ్చినా తక్కువే.

పెద్దావిడ కాసేపు కూర్చోవడానికి స్టూలైనా ఉందా అని అక్కడున్న కాపలా మనిషిని అడిగాను. ఈడ నిలబడొద్దమ్మా, నడువాలె, పైనుంచి సార్లు కెమెరాల చూస్తరు అన్నాడు పాపం. నడవాల్సిన వాళ్ళు చూస్తారు, చూడాల్సిన వాళ్ళు నడుస్తారు అన్నమాట. నేను ఆయనతో వాదన పెట్టుకుని వెనక్కి తిరిగేసరికి అత్త లేదు. వెనక నుంచి వచ్చిన గుంపు ఆవిడను పక్క దారిలోకి తోసుకుపోయింది. కంచె దాటి వెళ్ళనివ్వరు, వచ్చిన దారిన వెనక్కి రానివ్వరు. కంగారుగా ఫోన్ చేస్తే తాపీగా ఎత్తింది.

“అవతల ఉన్నానే” అంది.

ఏ అవతల అని అడిగాను. అడిగాక గానీ ఏమడిగానో నాకు తట్టలేదు. ఫోన్లో సన్నగా నవ్వి, మారేడ్‌పల్లి అంది.

నేను క్వార్టర్ల వైపు దిగి, ఆటో ఎక్కి, రైల్వే గోడ చుట్టూ తిరిగి మారేడ్‌పల్లి వైపు వెళ్ళేసరికి మెట్ల కింద, చివరి మెట్టు మీద కూర్చుని ఉంది. ఆ ఆదివారం ఇస్త్రీ చొక్కాతో మావయ్య నిలబడి వచ్చే ప్రతి చీరనూ చూసిన చోటు అటూ ఇటుగా అదే. దారిన పోయేవాళ్ళు కాళ్ళకు అడ్డమన్నట్టు పక్కకు తప్పుకుని పోతున్నారు. వాళ్ళను, వంతెనను, ఆ నల్లరాతిని కలిపి తిట్టడానికి నోరు తెరిచాను గానీ అత్త నా వైపు చూడలేదు, వచ్చేవాళ్ళ వైపే చూస్తోంది.

“మీ మావయ్య ఈసారి కూడా ఏ అవతలో చెప్పకుండానే ఎల్లిపోయారే” అంది.

ఎటు పోవాలన్నా ఇటే పోవాలి, ఇక్కడ కూర్చో, వస్తారు అని ధీమాగా చెప్పడానికి ఇప్పుడు చాచీ లేదు, ఆ బల్ల లేదు, ఆ నడిమధ్యే లేదు. వెళదాం పద అనలేక, నేనూ ఆ మెట్టు మీదే ఆవిడ పక్కన కూర్చున్నాను.