నేనెక్కించిన టైరు

ఇచ్చోడ రోడ్డు మీద మా టైర్ల షాపు ముందు ఆగిన ప్రతి లారీకీ నేను చేసే ఆఖరి పని ఒకటుంది. టైరు అంచు పక్కన చుట్టూ ఓ సన్నని గీత ఉంటుంది. గాలి కొట్టాక ఆ గీతకూ రిమ్ముకూ మధ్య ఎడం అంతటా ఒక్కలాగే ఉందా అని వేలు పెట్టి చుట్టూ చూడాలి. ఒకచోట లోపలికి, ఇంకోచోట బయటికి ఉంటే టైరు సరిగ్గా కూర్చోనట్టే. బీడీ వెలిగించినంతసేపు కూడా పట్టదు. ముక్కూమొహం తెలియని డ్రైవర్లందరికీ చూశాను. నన్ను కన్న మా బాపుకు చూడలేదు.

బాపు వేరేవాళ్ల లారీ నడిపేవాడు. ఆదిలాబాద్ నుంచి కరీంనగర్‌కు పత్తి తోలేవాడు. ఆ రోజు ముందు చక్రానికి కొత్త టైరు వేయించుకోవడానికి వచ్చాడు. అప్పటికే మూడు లారీలు వరుసలో ఉన్నాయి. మన బాపే కదా అనుకున్నాను. టైరు జారి సరిగ్గా కూర్చునేందుకు అంచుకు పూసే సబ్బునీళ్లయినా పూయకుండా ఎక్కించి, గాలి కొట్టి, నట్లు బిగించేశాను.

"అయిందా బిడ్డా?"

"అయింది బాపు, ఇగ పో."

వేరే షాపులో అయితే వంగి చూసుకోకుండా బండి కదిలించే మనిషి కాదు. నా దగ్గర మాత్రం ఏనాడూ వంగలేదు.

నెల తిరక్కుండానే ఓ పొద్దున ఇంటి ముందు గద్దె మీద కూర్చుని తన చేతులు తిప్పి చూసుకుంటూ అన్నాడు.

"స్టీరింగ్ పట్టుకుంటే చేతులు వణుకుతున్నయ్‌రా."

"వయసు మీద పడ్డది బాపు," అన్నాను. ఆ మాట అన్న నా నోరు పడిపోను.

"రేపు బండి ఎవల మీదికన్న పోతే?" అని ఆ వారమే తాళంచెవి ఓనరుకు ఇచ్చేశాడు.

తర్వాత కొత్త డ్రైవరు అదే లారీ తెచ్చాడు. "స్టీరింగ్ ఒకటే కొట్టుకుంటుందన్నా. ముందు టైరు జర చూడు."

చూశాను. టైరు ఒకచోట నున్నగా అరిగిపోయింది, సరిగ్గా దానికి ఎదురువైపు కొత్తదానిలాగే ఉంది. గీత ఒకచోట రిమ్ములోకి దిగిపోయి, ఇంకోచోట వేలెడు పైకి తేలింది. వణికింది బాపు చేతులు కాదు, నేనెక్కించిన టైరు. ముప్పై ఏళ్లు లారీ నడిపిన తన చేతులను అనుమానించాడు గానీ, నా పనిని అనుమానించలేదు.

ఆ టైరు తనకొద్దని డ్రైవరు వదిలేసి పోతే, ఎవరి కంటా పడకూడదని ఆ రోజే పాత టైర్లు కొనే బండిలోకి ఎత్తించేశాను. అంత పిరికివాణ్ని.

పది రోజులు లోలోపలే కుమిలిపోయాను. చివరికి బాపు ముందు కూర్చుని మొత్తం చెప్పేశాను. అంతా విని నవ్వాడు.

"ఏదిరా, గా టైరు చూపెట్టు."

చూపెట్టడానికి నా దగ్గర ఏముంది?

"నన్ను సముదాయించనీకి నీ పనిని బద్నాం చేసుకుంటవారా? నువ్వెక్కించిన టైరు గట్ల ఉండదు. నా చేతులే పోయినయ్. ఫికర్ చేయకు."

కన్న అవ్వ మీద ఒట్టు వేశాను. ఏడ్చాను కూడా. నా తల నిమిరాడే గానీ నమ్మలేదు.

ఇప్పుడు చాయ్ గ్లాసు కూడా రెండు చేతులతో పట్టుకుంటాడు. ఒక్క చుక్క ఒలకదు. రోజూ ఎదురుగా కూర్చుని చూస్తుంటాను.