నా చేతుల్లో పెట్టిన బిడ్డ

పిల్లలు కాలేదని మా అత్తగారు నన్ను నిజామాబాద్ నుంచి బోధన్‌కు, పుట్టింట్లో మా అవ్వ దగ్గరికి పంపేసింది. నా భర్త బస్టాండు దాకా వచ్చి సంచి అందించాడు. మళ్లీ రాలేదు. బాపు అప్పటికే లేడు; తను పనిచేసే చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డాక ఆ బెంగతోనే పోయాడు. అవ్వ, నేను బీడీలు చుట్టుకుని బతికేవాళ్లం.

పొద్దంతా చాట ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే సాయంత్రానికి నడుము లేవదు. ఆ నొప్పి ఎలాగో ఓర్చుకున్నాను. ఓసారి వాడలో ఒకరింట్లో పిల్లను తొట్టెలో వేస్తున్నారని తెలియక గడప దాకా వెళ్లాను. బాలింత నన్ను చూసి పసిదాని ముఖం మీదికి కొంగు లాక్కుంది. వెనక్కి వచ్చేశాను. ఆ తర్వాత బయటికి పోవాలంటేనే అలసటగా ఉండేది.

పక్కింటి అక్క ఆదివారాలు చర్చికి, ప్రార్థనకు వెళ్లేది. "ఒక్కదానివి ఇంట్ల కూసోని ఏం జేస్తవ్, రా" అంది. దేవుడి మీద ఆశతో కాదు, కాసేపు గోడకు ఆనుకోవచ్చని వెళ్లాను. రేకుల కప్పు, నేల మీద చాపలు. ఊరికే కూర్చోబుద్ధి కాక, వారం వారం అందరికన్నా ముందే వెళ్లి ఊడ్చేదాన్ని. పని చేస్తేనే ఉండనిస్తారన్నది అత్తింట్లో పట్టుకున్న భయం.

ఒక ఆదివారం చెరకు కోసే దంపతులు తమ పసిబిడ్డను ప్రార్థనకు తెచ్చారు. పాస్టరమ్మ బిడ్డను ఎత్తుకుని నా దగ్గరికి వచ్చింది.

"నువ్వు పట్టుకో బిడ్డా, ప్రార్థన చేద్దాం."

"నా చెయ్యి మంచిది కాదమ్మా. తల్లినడుగుండ్రి."

తల్లి వెనకే ఉంది. "నేనే నీకియ్యమన్న అక్కా" అంది.

"నేనేం జేసిన్నని నాకిస్తున్నరు?"

"ఏం జెయ్యాల్సిన పని లేదు. దేవుడు పని సూసి పిలుస్తడా? తన బిడ్డవని పిలుస్తడు" అంది పాస్టరమ్మ.

అందరూ కళ్లు మూసుకున్నారు. నేను మూసుకోలేదు. పసిదాని ఊపిరి నా మెడకు వెచ్చగా తగులుతుంటే, ఎన్నాళ్లుగానో బిగబట్టుకున్నదేదో వదిలినట్టయింది.

ఇంటికి వెళ్లి అవ్వకు చెప్పాను. అవ్వ చాట పక్కన పెట్టి, "ఏడ్సిందా?" అని అడిగింది.

"లే. పండుకుంది."

అవ్వ చాలాసేపు నా తల నిమిరింది.

తర్వాత నేను బాప్తిస్మం తీసుకున్నాను. నా భర్త మళ్లీ పెళ్లి చేసుకున్నాడని విన్నాను. బీడీలు ఇంకా చుడుతూనే ఉన్నాను. పడుకునే ముందు ప్రార్థనకు మాటలు రావు. "తండ్రీ" అని ఆగిపోతాను. అంతకన్నా చెప్పే ఓపిక ఉండదు. అది చాలనిపించి నిద్రపోతాను.