సుగుణ ఆంటీ చెప్పిన చైనా సినిమా

మా చిన్నప్పుడు అమెరికాలో ఇర్వింగ్ అనే ఊళ్ళో చైనా వాళ్ళు తెలుగులో పోట్లాడుకునేవాళ్ళు... కత్తులు దూసి, ఇంటి కప్పుల మీద ఎగురుతూ, "ఒరేయ్ సన్నాసీ, నూడుల్స్ చల్లారిపోతున్నాయి, తిన్నాక కొట్టుకుందాం రారా!" అని.

ఆ తెలుగు మా కింది అపార్ట్‌మెంట్ సుగుణ ఆంటీది.

అమ్మా నాన్నా ఇద్దరూ ఆఫీసుకి వెళ్ళేవాళ్ళు. వేసవి సెలవుల్లో నన్ను ఆంటీ దగ్గర దింపేవాళ్ళు. నాకు పన్నెండేళ్ళు. ఆంటీ కూతురు చిన్నికి ఐదు, పక్కింటి బంటికి ఆరు. ఆంటీకి కారు లేదు... టెక్సస్ ఎండలో తలమీద చున్నీ కప్పుకుని లైబ్రరీ దాకా నడిచివెళ్ళి డీవీడీలు తెచ్చేది. అక్కడ తెలుగువి ఉండేవి కావు. ఒకసారి అట్ట మీద బొమ్మ బాగుందని ఈ చైనా సినిమా తెచ్చింది. ఇక ఆ వేసవంతా అదే.

పాత రాజుల కాలం కథ. కొండ దారిలో ఒక పూటకూళ్ళ ఇల్లు. దాన్ని నడిపే అమ్మాయి మగవేషంలో ఉంటుంది, కత్తి తిప్పితే అందరికీ హడల్. దొంగను వెతుక్కుంటూ ఒక రాజభటుడు వస్తాడు. ఆమెను మగాడే అనుకుని స్నేహం చేసి, ప్రేమలో పడి, తనకేదో జబ్బు చేసిందని వైద్యుడి దగ్గరికి పరుగెడతాడు.

కింద ఇంగ్లీషు అక్షరాలు పడేవి గానీ చిన్నపిల్లలు అంత గబగబా చదవలేరు కదా... అందుకని అన్ని గొంతులూ ఆంటీవే. పెద్ద బేసిన్‌లో ఆవకాయ అన్నం కలిపి, మమ్మల్ని చుట్టూ కూర్చోబెట్టి, తలా ఒక ముద్ద చేతిలో పెడుతూ చెప్పేది. ఆ అమ్మాయికి చిట్టెమ్మ అని పేరు పెట్టింది. భటుడు కనకారావు. వాళ్ళు రెండు మాటలంటే ఆంటీ పది అనేది. నవ్వలేక అన్నం పొలమారేది మాకు.

ఇక నేనా... అప్పటికే మహా మేధావిని. నాన్న కాలేజీ రోజుల విప్లవ కరపత్రాలు ఒక సూట్‌కేసు నిండా ఉండేవి. నాన్న వాటిని తెరవడం మానేశాడు, నేను తెరిచాను. నా తెలుగంతా అక్కడ నేర్చుకున్నదే. తాలింపు అంటే తెలీదు గానీ దోపిడీ అంటే తెలుసు. అమెరికా యాసలో "శ్రామిక వర్గం" అంటుంటే అంకుల్స్ పొట్ట పట్టుకుని నవ్వేవాళ్ళు. నాకు ఒళ్ళు మండేది.

ఆ రోజు ఆఖరి సీను. చిట్టెమ్మ కత్తిని వంటింటి గోడకి తగిలించి, ఎర్ర పెళ్ళిబట్టలు కట్టుకుంటుంది. ఆంటీ కళ్ళు తుడుచుకుంటూ నవ్వుతోంది. నాకెందుకో చిర్రెత్తింది.

"కత్తి ఎందుకు వదిలేసింది? ఇంక పని మానేసి మొగుడి మీద పడి తింటుందా?"

"వదల్లేదురా, తగిలించింది. మళ్ళీ తీసుకుంటుందిలే," అంటూ ఆంటీ నా చేతిలో ముద్ద పెట్టింది.

"మీరు తీసుకున్నారా? రోజంతా ఇంట్లో కూర్చుని అంకుల్ సంపాదన తింటారు. పని చెయ్యకుండా తినేవాళ్ళు పరాన్నభుక్కులు!"

ఆ వారమే ఒక కరపత్రంలో చదివిన మాట అది. అద్దం ముందు ప్రాక్టీసు కూడా చేశాను... ఒక్క వత్తు తప్పలేదు.

"పరా... ఏంటీ?" అని బంటి నవ్వాడు. ఆంటీ నవ్వలేదు. బేసిన్‌లో చెయ్యి అలాగే ఆగిపోయింది.

"పరాన్నం అంటే ఏంటో తెలుసా నాన్నా?"

తెలీదన్నాను.

"ఎదుటివాళ్ళ అన్నం."

నా చేతిలో ముద్ద ఉంది.

"తిను, చెయ్యి ఎండిపోతోంది," అంది ఆంటీ. తిన్నాను.

మర్నాడు అన్నం కంచాల్లో పెట్టింది. సినిమా పెట్టింది. నోరు మాత్రం విప్పలేదు. చిట్టెమ్మ చైనా భాషలో అరుస్తోంది. "అమ్మా, చెప్పూ..." అని చిన్ని ఆంటీ మోకాలు పట్టుకుని ఊపింది.

"అన్నయ్యకి చదవడం బాగా వచ్చు కదమ్మా. అన్నయ్య చెప్తాడు."

గొంతులో ఎత్తిపొడుపు లేదు. ఉంటే బాగుండేది.

చెప్పాను. "ఓ రాజభటుడా, ఆహారం చల్లబడుతోంది. భోజనానంతరం పోరాటం కొనసాగిద్దాం." ఎవరూ నవ్వలేదు. చిన్ని లేచి వెళ్ళి బొమ్మలు తెచ్చుకుంది.

సాయంత్రం అమ్మకి చెప్పాను.

"ఆంటీ వైజాగ్‌లో కాలేజీలో కెమిస్ట్రీ చెప్పేదిరా. ఇక్కడ ఆవిడ వీసా మీద ఉద్యోగం చెయ్యనివ్వరు. ఏం చదువుతున్నావురా నువ్వు? వెళ్ళు, వెళ్ళి సారీ చెప్పిరా!"

తలుపు దాకా వెళ్ళాను. లోపల మిక్సీ చప్పుడు. ఆగాక కొడదాంలే అనుకున్నాను. ఆగింది... కొట్టలేదు. పైకొచ్చి చెప్పేశానన్నాను అమ్మతో.

ఆ సెలవులు అయ్యేలోపే అంకుల్ ప్రాజెక్టు మారి వాళ్ళు ట్రాయ్ అని వేరే రాష్ట్రంలో ఊరికి వెళ్ళిపోయారు. వెళ్ళేదాకా ఆంటీ రోజూ నాకు అన్నం పెట్టింది. కథ మాత్రం మళ్ళీ చెప్పలేదు.

ఇప్పుడు నేను మీటింగుల్లో మాట్లాడుతుంటాను. నిరుడు ఉద్యోగం చెయ్యనివ్వని ఆ డిపెండెంట్ వీసాల గురించి బల్ల గుద్ది మరీ మాట్లాడాను. చదువుకున్న ఆడవాళ్ళని ఇళ్ళలో కూర్చోబెట్టే చట్టం సిగ్గుచేటు అని అరిచాను. చప్పట్లే చప్పట్లు. అయిపోయాక ఒకావిడ దగ్గరికొచ్చి అడిగింది... "మా బాధ మీకెలా తెలిసింది బాబూ?"

"చదివానండీ," అన్నాను.

ఎంత సులువుగా వచ్చేసిందో ఆ అబద్ధం.

ఇప్పటి పిల్లలు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఎవరి సినిమా వాళ్ళు చూసుకుంటున్నారు. సెలవులంటే సమ్మర్ క్యాంపులే. కింది ఇంటి ఆంటీ పేరు కూడా తెలీదు చాలామందికి... నాలాగా ఒకరి మనసు కష్టపెట్టే అవకాశం కూడా లేదు పాపం వాళ్ళకి.

మీరూ ఇలా ఎవరి తలుపు దాకానో వెళ్ళి, కొట్టకుండా వెనక్కి వచ్చేశారా? కింద రాయండి. తర్వాతైనా ఎలా చెప్పారో కూడా రాయండి, నాకు కావాలి.

ఆంటీ నంబరు అమ్మ ఫోన్లో ఉంది... ఇంకా అడగలేదు.