సీసాలోని తోకకప్ప

ఆ సాయంత్రం నారాయణగూడలో ఒక అమ్మాయి బస్సెక్కి నా పక్కన కూర్చుంది. ఒళ్లోని సీసాలో నల్లటి ప్రాణి ఒకటి ఈదుతోంది.

"మా హాస్టల్ డాబా మీద వాననీళ్లల్ల దొరికిందన్న. రూంల ఒక్కదాన్నే ఉంట. ఈ చేపతోనే ముచ్చట. ఎటూ పోదు," అంది.

చిక్కడపల్లి లైబ్రరీలో చదివింది చెప్పకుండా ఉండలేకపోయాను.

"చేప కాదమ్మా, తోకకప్ప. ఇప్పుడైతే చేప లెక్కనే మొప్పలతోని ఊపిరి తీస్కుంటది. చేపకు ఎప్పటికీ మొప్పలే. దీనికి అవి పోయి ఊపిరితిత్తులొస్తయి. అప్పుడు ఎక్కనీకి రాయి లేకుంటే నీళ్లల్లనే మునిగి చస్తది."

"రాయి పెడితే ఎక్కి ఎల్లిపోతది గద?"

"పోతది."

ఆమె అశోక్‌నగర్‌లో దిగి, ఫుట్‌పాత్ పక్కన ఒక రాయి ఏరుకుని, చున్నీతో తుడుస్తూ నిలబడింది.