చుక్కాని చేతికిచ్చిన సరంగు

వీరాస్వామి ఎవరినీ ఊరికే నమ్మే రకం కాదు. నమ్మి ఒకసారి దెబ్బతిన్నాడు. గోదావరి మీద ఆనకట్ట కట్టి ముప్పై ఏళ్ళు దాటిన ఆ రోజుల్లో ధవళేశ్వరం నుంచి కాకినాడకు సరుకంతా కాలవ మీద పడవల్లోనే వెళ్ళేది. అతను మొదట పనిచేసిన పడవలో, దాన్ని నడిపే సరంగు చేసిన పొరపాటుకి ధాన్యం తడిసింది. నేరం మాత్రం గట్టున నడుస్తూ పడవను తాడుతో లాగుతున్న వీరాస్వామి నెత్తిన పడింది. వీపు చిట్లేలా తన్నులు తిని ఆ పడవ వదిలేశాడు.

తర్వాత ముసలయ్య పడవలో చేరాడు. ముసలయ్య యాభై దాటిన సరంగు, మాట తక్కువ. కొన్నాళ్ళకు ఒక రోజు కడియం దాటాక, "ఒరేయ్, ఇలా వచ్చి చుక్కాని పట్టుకో" అన్నాడు.

"నేనా మావా? పడవ నిండా సరుకుంది."

"ఉంటే ఉంది. పట్టు."

ఏ సరంగూ చుక్కాని ఇంకొకడి చేతికివ్వగా వీరాస్వామి చూడలేదు. ఈయన ఎందుకిస్తున్నట్టు? పడవ ఎక్కడైనా కొట్టుకుంటే "నేను కాదు, వీడు" అనడానికి కాకపోతే?

"మనల్ని ఇరికించే ఎత్తిది" అన్నాడు, తోటి పనివాడు అబ్బులుతో.

"నాకు తెరచాప అప్పగించాడు మరి. నన్నూ ఇరికిస్తాడంటావా?"

"నిన్నూను."

అనుకున్నంతా అయింది. శ్రావణంలో కాలవ నిండుగా పారుతున్నప్పుడు, నీటిమట్టం మార్చే లాకులోకి వీరాస్వామి తిప్పుతుంటే పడవ గోడకు కొట్టుకుని ఒక చెక్క పగిలింది. ముందు వరస బస్తాలు నానిపోయాయి. కాకినాడ రేవులో పడవ యజమాని, షావుకారు సూరయ్యగారు చిందులు తొక్కారు.

"చుక్కాని పట్టిందెవడు?"

వీరాస్వామి ఒక అడుగు వెనక్కేశాడు. పారిపోవడానికి సందు వెతుక్కుంటున్నాడు.

"పట్టమన్నది నేనండి" అన్నాడు ముసలయ్య. "సరంగుని నేనండి. ఆ తిట్టేదో నన్ను తిట్టండి."

అంత విన్నా వీరాస్వామి మనసు కుదుటపడలేదు. ఇవాళ కాపాడి, రేపు ఇదే చెప్పి ఊడిగం చేయించుకుంటాడేమో! తిరుగు ప్రయాణంలో ముసలయ్య దగ్గరికొచ్చి కూర్చున్నాడు.

"ఎక్కడ తప్పావు?"

"ఆలస్యంగా తిప్పాను."

"ఎందుకని?"

"మీరు చెప్తారని చూశాను."

"ఇక నావైపు చూడకు" అని మళ్ళీ అతని చేతికే చుక్కాని ఇచ్చాడు.

కార్తీకంలో ఒక మధ్యాహ్నం సామర్లకోట దాటాక ముసలయ్య దుప్పటి ముసుగేశాడు. "జొరంరా. మీరే తీసుకుపొండి." ఇదేదో పరీక్ష అనుకుని వీరాస్వామి వంగి నుదురు తాకి చూశాడు. కాలిపోతోంది. అయినా ముసుగులోంచి తమను కనిపెడుతున్నాడేమోనని పదే పదే వెనక్కి చూశాడు.

ఇంతలో ఎదురుగాలి లేచింది. చాప దింపేసి తాడేసి లాగుదామన్నాడు అబ్బులు. ఇంకాసేపు ఆగుదామన్నాడు వీరాస్వామి. గట్టిగా వాదులాడుకున్నారు. తేల్చిచెప్పే మనిషి స్పృహలో లేడు. చివరికి అబ్బులు మాటే సరైనదనిపించి చాప దింపారు. పొద్దు వాలకముందే పడవ క్షేమంగా రేవు చేరింది.

ముసలయ్య లేచి తిరగగలిగాక వీరాస్వామి ఉండబట్టలేక అడిగేశాడు. "మాకివన్నీ ఎందుకు నేర్పుతున్నారు మావా? మీకేంటి లాభం?"

"ప్రతిదానికీ నన్నే లేపితే నేనెప్పుడు పడుకోనురా?"

వీరాస్వామికి నవ్వు రాలేదు. వెనక ఇంకేదో ఉంటుందనే అనుకున్నాడు.

ఉగాది వెళ్ళాక సూరయ్యగారు ఇంకో పడవ చేయించారు. దానికి సరంగుగా ముసలయ్య వీరాస్వామి పేరు చెప్పాడు, తోడుగా అబ్బుల్ని కూడా పంపాడు. చేతికి అందివచ్చిన ఇద్దర్నీ వదులుకుని మళ్ళీ కొత్తవాళ్ళతో మొదలెట్టాడు. తనను వదిలించుకుంటున్నాడేమోనని వీరాస్వామికి ఒక పూట అనుమానం పీకింది. తర్వాత ముసలయ్య కాళ్ళకు దండం పెట్టాడు. అయినా ఎందుకైనా మంచిదని, కొత్త పడవ అడుగు చెక్కలన్నీ తట్టి చూసుకున్నాకే ఎక్కాడు.