దుప్పటి రెండో కొస

మా లాండ్రీలో ఆవిడ అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. అందరికీ అంచులత్తే. పొద్దున్న షిఫ్టు మొదలైన దగ్గర్నుంచి "అంచు చూడు, అంచు కలవలేదు" అని జతమనిషిని సతాయిస్తూనే ఉంటుంది కనుక ఆ పేరు అతుక్కుపోయింది. ఇస్త్రీ రోలరు దగ్గర నిలబడే నేను ఆవిడ నోటికి జడిసి తల తిప్పుకున్న రోజులు కొల్లలు. అయినా ఒప్పుకోవాలి, ఆవిడ మడిచిన దుప్పటి చూస్తే దాన్ని విప్పి పరుచుకోవడానికి మనసు రాదు.

హోటళ్ళవీ ఆస్పత్రులవీ దుప్పట్లు మా దగ్గరికి వస్తాయి. ఉతికి, ఆరబెట్టి, రోలరు మీంచి తీశాక మడత పని. అది ఇద్దరి పని. చెరో కొసా పట్టుకుని లాగి, ఒకరి వైపు ఒకరు నడిచి, అంచుకి అంచు కలిపి మళ్ళీ వెనక్కి వెళ్ళాలి. రోజంతా అదే రావడం, అదే పోవడం. జతలో ఒకరు రాకపోతే రెండో మనిషి గోళ్ళు గిల్లుకుంటూ కూర్చోవలసిందే. ఆ పూట కూలి ఇద్దరికీ పోతుంది. అంచులత్తకి జత ఆవిడ కోడలే.

కోడలు కడుపుతో ఉంది. మాట తక్కువ పిల్ల. భర్త లారీ నడుపుతాడు, ఇంటిపట్టున ఉండేది తక్కువ. ఆస్పత్రిలో గర్భిణులను చూసేది పొద్దుటిపూట, సరిగ్గా మా షిఫ్టు వేళకే. మొదట్లో ఒకసారి వెళ్ళింది. మళ్ళీ నెల రమ్మన్నారు. ఆ నెల హోటళ్ళ పని పీకలదాకా ఉంది. తను లేకపోతే అత్తయ్య చేతులు ముడుచుకుని కూర్చోవాలి కదా అని మానేసింది. అత్త కూడా వెళ్ళమని గట్టిగా అనలేదు. ఆ పై నెలకి ఇంకో భయం పట్టుకుంది, పోయినసారి ఎందుకు రాలేదని నర్సు అందరి ముందూ కడిగేస్తుందని.

"తిడితే తిట్టనీ. ఒంటికి చిల్లులేం పడవులే" అన్నాను నేను.

"మీరలాగే అంటారక్కా. అక్కడ నిలబడేది నేను కదా" అంది.

అంచులత్త మధ్యలో అందుకుంది. "నేను నలుగుర్ని కన్నాను. ఆఖరి రోజు దాకా ఈ దుప్పట్లే మడిచాను. నన్నెవరు చూశారు? దీనికి కాళ్ళు కాస్త పొంగాయి, అంతే. నిలబడి పనిచేసేవాళ్ళకి పొంగవూ?"

నాకు ఒళ్ళు మండింది. "నీ ఒళ్ళు ఇనుమత్తా. అందరిదీ అంతే అనుకోకు" అన్నాను. సూపర్‌వైజరుని అడిగాను కూడా, ఒక్కపూట ఇంకెవర్నైనా జత వెయ్యమని. "మనిషిని ఎక్కణ్ణుంచి తెమ్మంటావ్? పోనీ నువ్వెళ్ళి పట్టుకో. రోలరెవరు చూస్తారు మరి?" అన్నాడు. నేను మళ్ళీ రోలరు దగ్గరికే వచ్చాను. దుప్పట్లు వస్తూనే ఉన్నాయి.

నెలలు నిండవచ్చాయి. ఒకరోజు కోడలు తలనొప్పికి నుదుటిచుట్టూ గుడ్డ బిగించుకుని వచ్చింది. మొదటి దుప్పటికే అంచు తప్పింది.

"అంచు!" అంది అత్త.

రెండోదీ తప్పింది. మూడోదానికి కోడలు కొస పట్టుకుని నడిచొచ్చి, అత్త చేతికి ఇవ్వబోయి పక్కన గాలికి ఇచ్చింది.

"కళ్ళు నెత్తికెక్కాయా?" అని అరిచింది అంచులత్త.

"కనబడటం లేదత్తయ్యా" అంది కోడలు మెల్లిగా. "మీ చెయ్యి మసగ్గా ఉంది. ఏవో మెరుపుల్లా వస్తున్నాయి."

ఆ పిల్ల అంచు తప్పడం అంతకుముందు మేమెవరమూ చూడలేదు. అత్తకి అది అప్పుడే తట్టినట్టుంది, మొహం పాలిపోయింది. ఉతికిన దుప్పటి నేలకి తగిలితే మా దగ్గర పెద్ద నేరం. అంచులత్త తన కొస వదిలేసింది. తడినేల మీద పడిన దుప్పటిని తొక్కుకుంటూ వెళ్ళి కోడల్ని పొదివి పట్టుకుంది.

"బండి పిలవండే ఎవరన్నా!"

సూపర్‌వైజరు ఏదో అనబోయాడు. ఆవిడ అటు చూడలేదు. నేను రోలరు ఆపేసి వాళ్ళతో వెళ్ళాను.

ఆస్పత్రిలో బీపీ చూసిన నర్సు పల్లెత్తు మాట అనలేదు. నాకు అప్పుడే భయమేసింది. "ఇది ఒక్కరోజులో పెరిగింది కాకపోవచ్చు. ముందే వచ్చుంటే మందులతో అదుపులో పెట్టేవాళ్ళమేమో" అంటూనే డాక్టరమ్మ లోపలికి పరిగెత్తింది. లోపల ఫిట్స్ వచ్చాయట. ఆపరేషన్ చేశారు. కోడలు బతికింది. పాప బతకలేదు.

అంచులత్త ఏడవలేదు. మంచం పక్కన నిలబడి, వేలాడుతున్న దుప్పటి కొసని పరుపు కిందికి దోపింది, తీసింది, మళ్ళీ దోపింది. "ఒక్కపూట ఊరికే కూర్చుంటే నా సొమ్మేం పోయేదే?" అంది నాతో. జాలి ఒక పక్క, కోపం ఒక పక్క. ఆ కోపం ఎవరి మీద పెట్టుకోవాలో నాకు ఇప్పటికీ తెలియదు. అలిసిపోయి ఇద్దరం బల్ల మీద కూలబడ్డాం.

కోడలింకా కోలుకుంటోంది. అత్త పనిలోకి వచ్చింది, జత లేదు. సూపర్‌వైజరు తల గోక్కుని, గోడకి రెండు కొక్కేలు కొట్టించాడు, మూలలు వాటికి తగిలించి ఒక్కతే మడుచుకోమని. పని కాస్త నెమ్మదిగా సాగుతుంది, అంతే. అంచులు చక్కగానే కలుస్తున్నాయి. మొదటి దుప్పటి మడిచాక అంచులత్త ఆ కొక్కేల్ని పట్టుకుని లాగి చూసింది.

"ఇంతేనా?" అంది.

మొన్న ఆస్పత్రికి వెళ్ళాల్సిన పూట పక్క జతలో వేవిళ్ళ పిల్ల ఒకతె పనిలోకి వచ్చేసింది. అంచులత్త ఆ పిల్ల చేతిలోంచి దుప్పటి లాక్కుని కొక్కేలకి తగిలించింది.

"నీ చోట ఇవి నిలబడతాయి. నువ్వు పద."

"పోయిన నెల మానేశానత్తా, నర్సు తిడుతుంది."

"నేనొస్తా. నాకు పడాల్సిన తిట్లు అక్కడ ఇంకా మిగిలే ఉన్నాయి" అని అంచులత్త చెప్పులేసుకుంది.